మందు మోసిన చెయ్యి

షువైఖ్‌లో, టైర్ల గోదాముల వెనక, రెండో అంతస్తు.
కంప్యూటర్లు పదకొండు. వాటికి నేనొక్కణ్ణి.
జిరాక్సు మిషనుకీ నేనే, వేలిముద్రల డబ్బాకీ నేనే,
ముదీరు ఇంట్లో టీవీ పలక్కపోతే దానికీ నేనే.
బతాకా మీద రాసిన పని మాత్రం స్టోర్‌కీపరు.
ఇంకో మనిషి కావాలని మూడేళ్లుగా అడుగుతున్నా.
మూడేళ్లుగా ఇన్షాల్లా.

గురువారం సాయంత్రం నాలుగింటికి
మారిటెస్ పిలిచింది, గొంతు ఎత్తకుండా:
"ఫోల్డర్లన్నీ ఉన్నాయి. లోపల ఏమీ లేదు."
ఎంత నొక్కినా గుమ్మమే, వెనకాల ఇల్లు లేని గుమ్మం.
హమ్దీ దాంట్లోనూ అంతే. మందూబు దాంట్లోనూ అంతే.
ఆదివారం పొద్దున బ్యాంకుకి పోవాల్సిన జీతాల ఫైలు,
రెండువందల పద్నాలుగు మందిది,
పేరు తెర మీద ఉంది, అది లేదు.

పురుగంటే నాకు చెనిక్కాయ చేను.
వాన పడిన మూడో దినం ఎర్ర గొంగళి
పక్క చేను ఊడ్చి మా గట్టెక్కుతుంటే
మా నాయన మందు కోసం పరిగెత్తలేదు.
పార తీసుకొని చుట్టూ గాడి తవ్వినాడు.
"పోయింది పోనీ, ఉన్నదానికి కాపు పెట్టు" అన్నాడు,
నా చేతికి ఇంకో పార ఇచ్చి.

స్విచ్ డబ్బా ముందు గొంతుక్కూర్చొని
ఒక్కో కేబులూ పీకినాను.
ఒక్కో పచ్చ దీపం ఆరిపోతా వచ్చింది.
వెనక నిలబడి హమ్దీ "ఖలాస్?" అన్నాడు.
ఇంకా మొదలే కాలేదని
అరబ్బీలో ఎట్లా అనాలో తెలీలేదు.

రాత్రంతా ఏసీ నీళ్లు బకెట్లో చుక్కలు చుక్కలుగా.
ఒక మిషను కడిగి ఇంకోదానికి పోతే
కడిగింది మళ్లీ పుచ్చుతోంది.
తీగ లేదు, దారి లేదు, ఎట్లా దాటుతోంది?
ఏడో మిషను దగ్గర, పదకొండున్నరకి,
టీ గ్లాసు పెట్టబోతూ వంగితే
మెడ తాడుకి ఊగి తెరకి తగిలింది
మందు నింపుకొని బల్లబల్లకీ నేను తిప్పుతున్న పెన్ డ్రైవు.
మంగళవారం మాలియాలో, డ్రైవర్ షఫీకుల్ వీసా కాగితం కోసం
ఇంటర్నెట్ కొట్లో గుచ్చినాను దాన్నే.
తేదీ చూసినాను. మంగళవారమే.

కంచే చేను మేసిందంటారు.
నేను కంచెను కూడా కాదు.
గాడి తవ్విన వాణ్ణే,
పురుగును మెడలో కట్టుకొని
ఏడుసార్లు గాడి దాటించినాను.

శుక్రవారం. ముదీరు కొడుకు ఆటలాడుకునే ల్యాప్‌టాపు,
ఆఫీసు మొహం చూడనిది, అదొక్కటే మిగిలింది.
అందరూ నవ్వే హమ్దీ పచ్చ రిజిస్టరు తెరిచి
నేను చదివినాను, మారిటెస్ కొట్టింది.
ఓబులేసు, డెబ్బై అయిదు దీనార్లు.
షఫీకుల్, డెబ్బై.
అరవ మునెయ్య, అరవై అయిదు, మూడు రోజులు కోత,
పక్కన హమ్దీ చేతిరాతలో: తల్లి పోయింది.
చివరి గడిలో ప్రతి పేరుకీ రెండు దీనార్లు పోతున్నాయి,
దేనికో రాసి లేదు.
నలభయ్యో పేరు దగ్గర ఆమె వేళ్లు ఆగినాయి.
నా వైపు చూసింది.
నేను నలభై ఒకటో పేరు చదివినాను.

ఆదివారం ఫైలు బ్యాంకుకి పోయింది.
కేబుళ్లు పెట్టినాను. దీపాలు వెలిగినాయి,
ఏమీ ఎరగనట్టు, పచ్చగా.
"ఎవరు తెచ్చినారు?" ముదీరు అడిగినాడు.
"బయటినుంచి వచ్చింది" అన్నాను.
తల ఊపి, టీవీ మళ్లీ పలకడం లేదన్నాడు.

పెన్ డ్రైవును మేడ మీద రాయితో నలిపేసినాను.
తాడు మాత్రం మెడలోనే ఉంది.
ఎవరైనా "ఒకసారి చూడు భాయ్" అని పిలిస్తే
లేచేముందు చెయ్యి చొక్కా మీదికి పోతుంది,
దానికోసం.